పార్లమెంటు ఎన్నికల్ల బీజేపీకి ఓటు వెయ్యొద్దనుకుంటున్న: ఈ కారణాలు నిలబడ్తాయా?

హనుమకొండ_చౌరస్తా (ప్రశ్న)

అందరికీ నమస్తే. వచ్చే పార్లమెంటు ఎన్నికల్ల బీజేపీకి ఓటు వెయ్యొద్దని అనుకున్న. ఏ పార్టీ జెండా మోసేటోన్ని కాదు. కానీ చుట్టాల్ల, కాలనీల మాట వచ్చినప్పుడు "ఎందుకు వెయ్యవు?" అంటే సరైన జవాబు ఉండాలె. ఇప్పటికి రాసి పెట్టుకున్నవి ఇవి: కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ ఇయ్యలే. యాసంగి వడ్లు కొనబోమన్నరు, పత్తికి ధర లేదు. ఉపాధి హామీని మార్చేసిండ్రు. మతం పేరు మీద మనుషులను విడగొట్టే మాటలు. ఎలక్టోరల్ బాండ్లు, అంటే ఇచ్చినోని పేరు బయటపడకుండ పార్టీలకు చందాలు.

వీటిల్ల ఏది నిలబడ్తది, ఏది కూలిపోతది? తెలిసినోళ్లు చట్టం, తేదీ, అంకెతోని చెప్పున్రి. ఫార్వర్డ్ మెసేజులు వద్దు. ఇంకో ముచ్చట, మిగిలిన అభ్యర్థులు కూడ నచ్చకపోతే నోటా నొక్కితే ఫాయిదా ఏమన్న ఉన్నదా?

కాజీపేట_ప్లాట్‌ఫాం

అన్నా, మీ మొదటి కారణం ఇప్పుడున్న తీరుగ అయితే కూలిపోతది. "చట్టంల రాసి ఇయ్యలే" అంటే ఎదుటాయన 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు తీసి మీ ముందల పెడ్తడు. అండ్ల ఏమున్నదంటే, తెలంగాణల రైలు కోచ్ ఫ్యాక్టరీ పెట్టే వీలు ఉన్నదా లేదా అని రైల్వే శాఖ ఆరు నెలల్ల పరిశీలించాలె, తొందరగ నిర్ణయం చెప్పాలె. "పెట్టాలె" అని ఒక్క ముక్క లేదు. బయ్యారం ఉక్కు సంగతి కూడ గంతే, అక్కడ కూడ కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్ "పరిశీలించాలె" అనే ఉన్నది. మన నాయకులు పదేండ్ల సంది రెండిటినీ కలిపి "చట్టబద్ధ హామీ" అంటున్నరు. ఆ మాట సగమే నిజం.

అయితే గట్టి కారణం కూడ ఇక్కడ్నే ఉన్నది. ఆరు నెలల గడువు 2014 జూన్ 2 నుంచి మొదలైతది, అంటే ఆ యేడు డిసెంబరు వరకు. వరంగల్‌కు ప్రధాని వచ్చి కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసింది 2023 జులై 8న. 500 కోట్ల పైచిలుకు పని, మొదట చెప్పింది వ్యాగన్ల తయారీ. వ్యాగన్ వేరు, కోచ్ వేరు. ఒకటి సరుకు మోసేది, ఇంకోటి మనుషులు కూసునేది. లోపలి పని, దానికి చుట్టూ లేచే చిన్న పరిశ్రమలు రెండిటికీ ఒక్క తీరుగ ఉండవు. ఇదే కాలంల మహారాష్ట్రల లాతూరుకు 2018ల కోచ్ ఫ్యాక్టరీ ప్రకటించిండ్రు, 2020 డిసెంబరుకు మొదటి కోచ్ షెల్ బయటికొచ్చింది. లాతూరు ఏ విభజన చట్టంల లేదు. అక్కడ మూడేండ్ల లోపు కట్టగలిగినోళ్లు ఇక్కడ పరిశీలనకే తొమ్మిదేండ్లు ఎందుకు తీసుకున్నరు? గట్ల అడిగితే తప్పించుకునే సందు ఉండదు.

ఒక్క జాగ్రత్త. కాజీపేట అని ఆశ పెట్టి ఫ్యాక్టరీని పంజాబ్‌ల కపుర్తలాకు పట్టుకపోయింది 1985ల. అప్పుడు ఢిల్లీల ఉన్నది కాంగ్రెస్. ఆ బాధను కూడ బీజేపీ లెక్కల రాస్తే మీ మిగిలిన మాటలు కూడ ఎవ్వరూ నమ్మరు.

ములుగు గిరిజన విశ్వవిద్యాలయం ముచ్చట మీ లిస్టుల లేదు, చేర్చుకోండ్రి. అది "పరిశీలించాలె" కాదు, రెండు రాష్ట్రాలకు చెరొకటి అని చట్టంలనే ఉన్నది. ఆంధ్రకు 2019ల చట్ట సవరణ అయింది. మనకు కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్నది 2023 అక్టోబరు 4న, అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చింది అక్టోబరు 9న, బిల్లు పాసైంది డిసెంబరుల. జాగ అప్పజెప్పుడుల రాష్ట్రం ఆలస్యం చేసిందని కేంద్రం అంటది. అది పూర్తిగ కొట్టేసే మాట కాదు. కానీ ఎన్నికల షెడ్యూలుకు ఐదు రోజుల ముందే ఆటంకాలన్నీ ఎట్ల తొలిగిపోయినయో అడిగే హక్కు ఓటరుకు ఉన్నది.

ఎనుమాముల_గేట్

వడ్ల సంగతి నేను చెప్త. ఇది తెలువకుండ మాట్లాడితే రెండు పార్టీలోళ్లూ మిమ్మల్ని తిప్పేస్తరు.

యాసంగి వడ్లు కోతకొచ్చేది ఏప్రిల్, మే నెలల్ల. కరీంనగర్, జగిత్యాల, వరంగల్ దిక్కు అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటుతది. గింజ చేనుల మీదనే తొందరగ ఎండి లోపల సన్న పగుళ్లు పడ్తది. దాన్ని నేరుగ మిల్లుల పడితే పచ్చి బియ్యం బదులు నూక ఎక్కువొస్తది. అదే వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే, లోపలి పిండి పదార్థం మెత్తబడి పగులు అతుక్కుంటది, గింజ నిలబడ్తది. గదే ఉప్పుడు బియ్యం. ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) లెక్కల క్వింటాలు వడ్లకు మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం ఇయ్యాలె, నూక 25 శాతం దాటొద్దు. ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు, నూక 16 శాతం దాటొద్దు. యాసంగి గింజతోని మొదటి లెక్క తేలదు. ఆ నష్టం ఎవలు భరియ్యాలె అన్నదే అసలు పంచాయితి.

2021–22ల కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోబోమన్నది. తినే రాష్ట్రాలు సొంతంగనే పండించుకుంటున్నయి, గోదాముల నిల్వలున్నయి అన్నది వాళ్ల వాదన. ఇగ ఇక్కడ మీరు దాచకూడని ఒక ముక్క ఉన్నది: ఇకమీద ఉప్పుడు బియ్యం ఇయ్యబోమని 2021 అక్టోబరుల అప్పటి టీఆర్‌ఎస్ రాష్ట్ర ప్రభుత్వమే రాతపూర్వకంగ ఒప్పుకున్నది. 2022 ఏప్రిల్ 11న ఢిల్లీల ధర్నా చేసి, తెల్లారి వడ్లు కొంటమని ప్రకటించింది కూడ అదే ప్రభుత్వం. కాబట్టి "కేంద్రం వడ్లు కొనబోమన్నది" అనకుండ్రి. "ఈ నేల మీద యాసంగి గింజ ఎట్లుంటదో చూడకుండ దేశమంతటికీ ఒక్కటే కొలత పెట్టిండ్రు" అనున్రి. అది నిజం, అది కేంద్రం చేతిల ఉన్న పని.

మద్దతు ధర ముచ్చట ఇంక గట్టిది. 2014 బీజేపీ మేనిఫెస్టోల పెట్టుబడి మీద కనీసం 50 శాతం లాభం వచ్చేటట్టు చూస్తమని రాసుకున్నరు. 2015ల అదే ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అది కుదరదని, మార్కెట్ దెబ్బ తింటదని అఫిడవిట్ ఇచ్చింది. 2018 బడ్జెట్‌ల ఇస్తున్నమన్నరు గానీ లెక్క మార్చిండ్రు. స్వామినాథన్ సంఘం పేరు మీద రైతులు అడిగేది సీ2 ఖర్చు మీద సగం లాభం. సీ2ల సొంత భూమి కౌలు విలువ, పెట్టుబడి మీద వడ్డీ కూడ కలుస్తయి. ప్రభుత్వం ఇచ్చేది ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ మీద, అంటే చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటోళ్ల కష్టం, గంతే. 2025–26 వానకాలం సాధారణ రకం వడ్లకు ఈ ఖర్చు 1,579 రూపాయలు కట్టి, మద్దతు ధర 2,369 ఇచ్చిండ్రు. హనుమకొండ, పరకాల దిక్కు కౌలుకు చేసేటోళ్లు మస్తు మంది. వాళ్లు చేతి నుంచి కట్టే కౌలు లెక్కల కలుస్తది గానీ సొంత భూమికి కౌలు విలువ కట్టరు, అప్పు మీద మిత్తి అంతా రాదు. మీ ఇంట్ల ఎవుసం ఉంటే మీ ఎకరం ఖర్చు కాగితం మీద వేసి ఈ 1,579 పక్కన పెట్టి చూడున్రి. వేరేటోళ్ల మాట అవసరం పడదు.

పత్తికి "ధర లేదు" అంటే సరిపోదు, తేదీలు చెప్పాలె. దూది దిగుమతి మీద 11 శాతం సుంకం ఉండె. 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 30 దాక ఎత్తేసిండ్రు, మళ్ల డిసెంబరు 31 దాక పొడిగించిండ్రు. మన మార్కెట్‌కు కొత్త పత్తి దిగేది అక్టోబరు, నవంబరు, డిసెంబరులనే. మన సరుకు గేటు కాడికి వచ్చిన మూడు నెలలూ బయటి దూది సుంకం లేకుండ వచ్చింది. మిల్లులకు దూది అగ్గువ కావాలన్న ఇబ్బంది నిజమే, దారం, బట్ట ఎగుమతి చేసేటోళ్లకూ కష్టముండె. కానీ ఇద్దరి నడుమ ఎవల దిక్కు మొగ్గిండ్రో తేదీలు చెప్తున్నయి.

సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కాడ ఎక్కడ దెబ్బ పడ్తదో కూడ రాసుకోండ్రి. 2025–26ల పొడుగు పింజ మద్దతు ధర 8,110. అది తేమ 8 శాతం ఉంటేనే. ఒక్కో శాతం పెరిగితే ఒక శాతం ధర, అంటే 81 రూపాయల 10 పైసలు కోత. 12 శాతం కాడ 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే కొనరు. మంచు పడే నవంబరుల పొద్దుగాల ఏరిన పత్తికి 12 దాటుడు కష్టమేం కాదు. అప్పుడు ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. మద్దతు ధర పెంచినమని చెప్పే ప్రతి ప్రసంగం కింద ఈ తేమ లెక్క ఉంటది.

ఏటూరునాగారం_బస్టాండ్

ఉపాధి హామీ గురించి క్లుప్తంగ. 2005 చట్టంల కూలి డబ్బులు మొత్తం కేంద్రానివి, సామాను ఖర్చుల నాలుగింట మూడొంతులు కేంద్రానివి. 2025 డిసెంబరుల తెచ్చిన కొత్త చట్టంల రోజులు 100 నుంచి 125 అయినయి. ఈ ఒక్కటే పోస్టర్ల మీద కనపడ్తది. కింద ఉన్నది చదవాలె: ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందుగాల్నే నిర్ణయిస్తది, దాటిన ఖర్చు రాష్ట్రం నెత్తి మీద. నాట్లు, కోతల కాలంల ఏడాదికి 60 రోజుల దాక పని ఆపొచ్చు. పాత చట్టం బలమే "అడిగినోనికి పని" అన్నది. పైసలకు ముందే గీత గీస్తే ఆ మాట ఎట్ల నిలబడ్తది? నాట్ల కాలంల కూలోళ్లు దొరకక రైతులు ఇబ్బంది పడ్డది నిజమే, దానికి ఈ 60 రోజుల విరామం జవాబు అంటరు. కానీ ఆ రోజుల్ల కూలి ఎంతన్నది అప్పుడు పెద్ద రైతు చేతిలకు పోతది. ఆడకూలోళ్లకు ఇది రెండో దారి లేకుండ చేసే పని. ఈ కారణం మీది గట్టిది, కదలదు.

దీనికి ముందు సంగతులు కూడ ఉన్నయి. 2023 జనవరి నుంచి పని కాడ రోజుకు రెండుసార్లు యాప్‌ల ఫోటో హాజరు, 2024 జనవరి నుంచి ఆధార్‌తోని ముడిపడ్డ చెల్లింపు. సిగ్నల్ దొరకని తండాల, గూడేల హాజరు పడకపోతే ఆ దినం కూలి పోయినట్టే.

అడివి దిక్కు ఓటర్లు ఇంకోటి అడుగుతరు, ఉమ్మడి పౌర స్మృతి వస్తే మా కోయ ఆచారాలు ఏమైతయని. ఉత్తరాఖండ్‌ల 2024ల చేసిన చట్టంల షెడ్యూల్డ్ తెగలను మినహాయించిండ్రు. అందుకే "మన గిరిజనుల పెండ్లిళ్లు రద్దయితయి" అని ప్రచారం చేయకుండ్రి, తప్పు.

మడికొండ_లైబ్రరీ

మతం గురించి మీరు రాసిన కారణం అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే వదులుగా రాసింది కూడా అదే. "విడగొట్టే మాటలు" అంటే ప్రతి పార్టీలోనూ ఒకరిద్దరు దొరుకుతారు. మాటలు కాకుండా చేతలు చూపించండి.

2019 డిసెంబరు పౌరసత్వ సవరణ చట్టం: పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులకు దారి తెరిచింది. పౌరసత్వ చట్టంలో మతాల పేర్లు రాసి ఒక మతాన్ని వదిలేయడం అదే మొదలు. అది ఇక్కడి పౌరుల పౌరసత్వం తీసేయదు. ఆ మాట అనకండి, తప్పు. కానీ పౌరసత్వానికి మతాన్ని కొలతగా పెట్టిన చట్టాన్ని ఒప్పుకోలేనని చెప్పడానికి అది చాలు.

2024 జూన్ 9న ప్రధానితో కలిపి 72 మంది కేంద్ర మంత్రులుగా ప్రమాణం చేశారు. అందులో ముస్లిం ఒక్కరు లేరు. బీజేపీ గెలిచిన 240 లోక్‌సభ స్థానాల్లోనూ లేరు. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు, అంకె చెప్తే చాలు.

రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం గుంపులకు (బీసీ–ఈ) ఉన్న 4 శాతం రిజర్వేషన్ మాట. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్ర బీజేపీ "మత ఆధారిత" రిజర్వేషన్లు ఎత్తేస్తామని మేనిఫెస్టోలో పెట్టింది. 2007 చట్టం చదివితే బీసీ–ఈలో ఉన్నది మతం మొత్తం కాదు. గుడ్డి ఎలుగువాళ్లు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీవాళ్లు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు ఇలా 14 గుంపులు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొగల్‌లు, ఇరానీలు, అరబ్బులు ఇందులోకి రారని చట్టమే చెప్పింది. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బీసీ–బీలో ఉన్నారు. 2010లో హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టేస్తే, అదే ఏడు మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. అంటే చట్టం మీద వాదన ఇంకా ఉంది, న్యాయంగా ఆ సంగతి కూడా చెప్పాలి. కానీ బట్టలుతికేవాళ్లను, క్షురకులను వాళ్ల మతం చూసి జాబితా నుంచి తీసేస్తామనే పార్టీకి ఓటు వేయనని అనడంలో తికమక ఏమీ లేదు. కాజీపేట దర్గా ఉర్సుకు వచ్చేవాళ్లలో సగం మంది ఎవరో, పీరీల పండక్కి ఊళ్లలో పీరీలను ఎత్తుకునేది ఎవరో ఈ జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? ఇక్కడి బతుకు తీరుకు ఆ రాజకీయం పొసగదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రచారంలో మతం పేరుతో ఓటు అడిగితే అది ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా అంతేనని తేల్చింది. వీడియో ఉంటే ఎన్నికల సంఘానికి ఫిర్యాదు పంపే సీవిజిల్‌లో పెట్టండి. వాదించుకుంటూ కూర్చోవడం కంటే అది పనికొస్తుంది.

వేయిస్తంభాలు

నేను బీజేపీకే ఓటు వేసే మనిషిని, అయినా అడిగిన తీరు బాగుంది కాబట్టి రాస్తున్న. బాండ్ల కారణం తీసెయ్యండి. ఎస్‌బీఐ ఇచ్చిన లెక్కల బీజేపీకి 6,060 కోట్లు నిజమే. కాంగ్రెస్‌కు 1,421 కోట్లు, ఒక్క రాష్ట్రంల ఉన్న బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు. ఒక్కో ఎంపీ సీటు లెక్కన చూస్తే ఎవలు ఎక్కువ తీసుకున్నట్టు?

ఇంకోటి, కేంద్రం ఆహార భద్రత కార్డులున్నోళ్లకు రేషన్ బియ్యంల మనిషికి 5 కిలోలు కేంద్రానివి, ఆరో కిలో మాత్రమే రాష్ట్రానిది. వరంగల్ టెక్స్‌టైల్ పార్కును 2023 మార్చిల కేంద్రం టెక్స్‌టైల్ పార్కుల పథకం పీఎం మిత్ర కింద తీసుకున్నరు. మామునూరు విమానాశ్రయానికి 2025ల అనుమతి ఇచ్చిండ్రు. ఇవి కూడ అదే కాగితం మీద రాసుకోవాలె గదా.

మడికొండ_లైబ్రరీ

@వేయిస్తంభాలు, సార్, రెండో మాట ఒప్పుకుంటాను, రాసుకోవాల్సిందే. మొదటిదానికి మాత్రం జవాబుంది. బాండ్లు తీసుకున్నది అందరూ. ఆ చట్టం చేసింది ఎవరు? 2017 ఆర్థిక బిల్లులో పెట్టి తెచ్చారు. అంతకుముందు కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం వరకే చందా ఇవ్వాలి, ఏ పార్టీకి ఎంతో లెక్కల్లో చూపించాలి. రెండూ తీసేశారు. లాభం లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు, ఎవరికి ఇచ్చిందో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది ఇందుకే. కాబట్టి "ఎక్కువ తీసుకున్నారు" అనే కారణం తీసేసి, "దాచిపెట్టే చట్టం రాశారు" అనే కారణం పెట్టుకోవాలి. మొదటిది అందరికీ తగులుతుంది, రెండోది ఆ పార్టీకే తగులుతుంది.

ఫారం_26

నోటా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

నోటా 2013 సెప్టెంబరు 27 తీర్పుతో వచ్చింది. దాని అర్థం మీ అసమ్మతి లెక్కలో కనపడటం, అంతే. నోటాకు అందరికంటే ఎక్కువ వచ్చినా, తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలిచినట్టు. 2024లో ఇండోర్‌లో నోటాకు 2,18,674 ఓట్లు పడి రెండో స్థానంలో నిలిచింది. గెలిచిన బీజేపీ అభ్యర్థికి 12,26,751. ఫలితంలో మార్పేమీ లేదు. అదే ఏడాది సూరత్‌లో ఒక్కరే మిగిలితే పోలింగే జరగలేదు, నోటా నొక్కే అవకాశమే రాలేదు.

డిపాజిట్ పోగొట్టడానికీ నోటా పనికిరాదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే డిపాజిట్ పోతుంది. లోక్‌సభకు 25,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. వరంగల్ ఎస్సీ స్థానం కాబట్టి ఇక్కడ 12,500. నోటా ఓట్లు ఆ "చెల్లిన ఓట్ల" లెక్కలోకి రావు. 12 లక్షల ఓట్లు పడి అందులో నోటా 30 వేలు అనుకోండి, ఆరో వంతు చూసేది 11 లక్షల 70 వేలలో, అంటే 1 లక్షా 95 వేలు. నోటా వల్ల గీత కిందికి జరిగింది. మీకు నచ్చని అభ్యర్థికి అది సాయమే. కాబట్టి ఒక పార్టీ గెలవొద్దన్నది మీ ఉద్దేశమైతే, దాన్ని ఓడించే స్థితిలో ఉన్నవాళ్లకు వేయడమే పని చేస్తుంది. ఎవరూ తగరని చెప్పడమే ఉద్దేశమైతే నోటా.

పోలింగ్ కేంద్రంలో ఓటర్ల రిజిస్టరులో (17ఏ) సంతకం పెట్టాక ఓటు వేయనంటే 49–ఓ నియమం కింద అధికారి అక్కడే రాసుకుని మళ్లీ సంతకం తీసుకుంటారు. అప్పుడు మీరు వేయలేదని ఏజెంట్లందరికీ తెలుస్తుంది. నోటాలో ఆ ఇబ్బంది లేదు, చివరి బటన్, ఓటు దేనికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు కనపడుతుంది.

ఇంకో విషయం, లోక్‌సభకు అభ్యర్థి మంచివాడా కాదా అన్నది రెండో ప్రశ్న. రాజ్యాంగంలో 1985లో చేర్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధం) ప్రకారం విప్‌కు, అంటే పార్టీ ఆదేశానికి, ఎదురు ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. పైన చెప్పిన చట్టాలు అన్నిట్లోనూ ఎంపీ పార్టీ చెప్పినట్టే చేయి ఎత్తాలి. అందుకే "పార్టీ నచ్చదు గానీ మనిషి మంచోడు" అన్న మాట లోక్‌సభకు సరిపోదు. మునిసిపల్ డివిజన్‌కు కొంత సరిపోతుంది. సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తే ఉండదు కాబట్టి అక్కడ ఈ చర్చే వద్దు. ఫిరాయింపు సంగతి కూడా లెక్కలో ఉంచుకోండి. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది అప్పటి అధికార పార్టీలో కలిశారు. 2023లో బీఆర్‌ఎస్ నుంచి గెలిచి పార్టీ మారారన్న 10 మంది ఎమ్మెల్యేలపై మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఒక పార్టీని వద్దని ఇంకో పార్టీకి వేసేటప్పుడు ఆ అభ్యర్థి ఇదివరకు ఎన్ని కండువాలు మార్చాడో చూడటం మీ పనే.

హనుమకొండ_చౌరస్తా

అందరికీ దండాలు. మస్తు పనికొచ్చింది, సగం మళ్ల రాసుకుంటున్న. ఒక్క ప్రశ్న. ఒక అభ్యర్థి అఫిడవిట్ చూసిన. కేసులు బొచ్చెడున్నయి: 341, 188, 143, రైల్వే చట్టం 174. ఇంకొకాయనకు రెండే ఉన్నయి, 153ఏ, 295ఏ. ఎక్కువ కేసులున్నాయనను పక్కకు పెట్టాల్నా?

ఫారం_26

సంఖ్య చూడకండి, సెక్షన్ చూడండి. పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) 341 దారి ఆపడం, 188 అధికారి ఉత్తర్వు ధిక్కరించడం, 143 చట్టవిరుద్ధంగా గుమిగూడటం, రైల్వే 174 రైలు ఆపడం. ఇవి రాస్తారోకో, రైల్‌రోకో కేసులు. తెలంగాణ ఉద్యమంలో తిరిగిన ఏ పార్టీ వాళ్ల అఫిడవిట్‌లోనైనా ఉంటాయి, కాజీపేట జంక్షన్ ఉన్న జిల్లాలో 174 ఉండటం వింత కాదు. 153ఏ వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, 295ఏ మత భావాలను కావాలని గాయపరచడం. 2024 జులై 1 నుంచి జరిగిన ఘటనల మీద పెట్టిన కేసులైతే కొత్త న్యాయ సంహితలో ఇవే 196, 299గా కనపడతాయి, తికమక పడకండి.

తర్వాత కేసు ఏ దశలో ఉందో చూడండి. ఫారం 26లో, అంటే అభ్యర్థి ఇచ్చే అఫిడవిట్‌లో, ఎఫ్‌ఐఆర్ నంబరు, కోర్టు పేరు, కేసు నంబరు, అభియోగాలు నమోదయ్యాయా లేదా, ఏ తేదీన అన్నది విడిగా రాయాలి. ఆ కేసు నంబరును ఈ–కోర్ట్స్ సైట్‌లో కొడితే వాయిదాలు కనపడతాయి. ఎఫ్‌ఐఆర్ దగ్గరే ఆగిన కేసుకూ, కోర్టు అభియోగాలు నమోదు చేసిన కేసుకూ చాలా తేడా. పార్టీ సైట్‌లో సీ–7 అని ఒక ఫారం ఉండాలి, కేసులున్న మనిషికి టికెట్ ఎందుకిచ్చారో, కేసుల్లేనివాళ్లు ఎందుకు దొరకలేదో 2020 తీర్పు ప్రకారం అందులో రాయాలి. 153ఏ ఉన్నాయన ఫారంలో ఆ గడి దగ్గర "ప్రజాదరణ ఉంది" అని మాత్రమే రాసి ఉంటే, గెలవగలగడం ఒక్కటే కారణంగా చూపించకూడదని ఆ తీర్పులోనే ఉందని గుర్తుంచుకోండి.